ఓ. హెన్రీ పెట్టెదొంగ కథను నాటిక చేస్తున్నం: తలుపు, జైలు, ఆఖరి మాట ఎట్ల?

ప్రశ్న: ఛాయాసోమేశ్వరం, నల్లగొండ

ఓ. హెన్రీ రాసిన 'ఎ రిట్రీవ్డ్ రిఫార్మేషన్' కథను 40 నిమిషాల తెలుగు నాటికగా రాసుకుంటున్నం. స్టేజీ 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు. మనుషులు 9 మంది, అందులో ఇద్దరు పిల్లలు.

చదవనోళ్ల కోసం కథ క్లుప్తంగ. జిమ్మీ వాలెంటైన్ ఇనప్పెట్టెలు కోసే దొంగ. నాలుగేళ్ల శిక్ష పడితే పది నెలలు కూడా నిండకముందే గవర్నరు క్షమాభిక్షతో బయటికొస్తడు. మళ్లా మూడు చోట్ల దొంగతనం చేస్తడు. ఆర్కన్సాలో ఎల్మోర్ అనే చిన్న ఊరికి బ్యాంకు మీద కన్నేసి పోతడు, అక్కడ బ్యాంకు యజమాని బిడ్డ అనబెల్‌ను చూస్తడు. అంతటితోని పాత బతుకు వదిలేసి రాల్ఫ్ స్పెన్సర్ అనే పేరుతో చెప్పుల దుకాణం పెడతడు. ఏడాదికి పెళ్లి కుదురుతది. పెళ్లి రెండు వారాలుందనంగ, బ్యాంకులో కొత్తగ పెట్టిన వాల్టులో అనబెల్ అక్క బిడ్డ, ఐదేండ్ల అగాథా ఇరుక్కుంటది. జిమ్మీ చేతిలో పనిముట్ల పెట్టె ఉన్నది. పట్టుకపోనీకె వచ్చిన డిటెక్టివ్ బెన్ ప్రైస్ గుమ్మం కాడ నిలబడి చూస్తున్నడు.

మేం దీన్ని 1975 దేవరకొండకు మార్చినం. జిమ్మీ మాకు జంగయ్య, పేరు మార్చుకున్నాక రఘునాథం. అమ్మాయి సుజాత, బెన్ ప్రైస్ ఇన్‌స్పెక్టర్ సత్తయ్య. ఎల్మోర్‌కు రైలు లేదు, ఐదు మైళ్ల దూరం. దేవరకొండకు కూడా రైలు లేదు, అందుకే ఆ ఊరు. చిక్కులు ఇవీ: హక్కులు ఎవరివి? పది నెలలకే గవర్నరు విడిచిపెట్టుడు మన దగ్గర నమ్మేటట్టు ఉంటదా? బ్యాంకు వాల్టును ఎట్ల చూపియ్యాలె? పిల్లను తలుపు వెనక పెట్టాలంటే భయమైతున్నది. జంగయ్య పశ్చాత్తాపపడుతూ మాట్లాడే రెండు పేజీల డైలాగు రాసినం, ఉంచాల్నా తియ్యాల్నా? ఆఖరికి డిటెక్టివ్ చెప్పే మాట తెలుగుల ఎట్ల పెట్టినా సప్పగ వస్తున్నది.

జవాబు: పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

హక్కుల గురించి బెంగ అక్కర్లేదు. ఓ. హెన్రీ, అంటే విలియం సిడ్నీ పోర్టర్, 1910 జూన్ 5న చనిపోయాడు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది, కాబట్టి మూలకథ అందరిదీ. తెలుగు అనువాదం సంగతి వేరు. దాని హక్కు అనువాదకుడిది. ఏదో సంకలనంలోని సంభాషణలు ఎత్తి రాసుకుంటే అనుమతి కావాలి. ఇంగ్లీషు మూలం దగ్గర పెట్టుకుని సొంతంగా రాసుకోండి. మూడు వేల మాటలు కూడా లేని కథ, ఒక రాత్రి పని.

మూలం అని ఎందుకు నొక్కుతున్నానంటే, ఈ కథకు రెండు రూపాలు జనంలో తిరుగుతున్నాయి. కథ 1903లో కాస్మోపాలిటన్ పత్రికలో వచ్చింది, 1909లో 'రోడ్స్ ఆఫ్ డెస్టినీ' సంపుటంలో చేరింది. 1910లో పాల్ ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని 'ఏలియాస్ జిమ్మీ వాలెంటైన్' పేరుతో నాటకం చేశాడు. అందులో పేర్లు మారాయి, పెట్టె తెరిచే తీరూ మారింది, వేళ్ల కొసలతో తడిమి తెరుస్తాడు. గోళ్లు అరగదీసుకుని తెరిచిన ఖైదీ సంగతి, ఓ. హెన్రీతో జైల్లో ఉన్న ఆల్ జెన్నింగ్స్ 1921లో రాసిన జ్ఞాపకాల్లోది. ఓ. హెన్రీ కథలో వేళ్లూ లేవు, గోళ్లూ లేవు, డ్రిల్లు ఉంది. ఈ తేడా మీ నాటికకు ప్రాణం. వేళ్లతో తెరిస్తే జిమ్మీ ఇంద్రజాలికుడిలా కనిపిస్తాడు. పనిముట్లతో తెరిస్తే, అందరి కళ్ల ముందు పనిముట్ల పెట్టె విప్పి నేను దొంగనని చూపించుకున్నవాడవుతాడు.

ఇక రెండు పేజీల డైలాగు. తీసేయండి, మొత్తం తీసేయండి. కథలో జిమ్మీ తన మార్పు గురించి ఒక్కచోటే చెప్పుకుంటాడు, అదీ పాత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో. పరాయి సొమ్ములో ఒక్క డాలరు కూడా ముట్టను, ఆమె నన్ను నమ్మింది, పనిముట్లు నీకు ఇచ్చేస్తాను, లిటిల్ రాక్ అనే ఊళ్లో కలువు అని. మనసు విప్పడం దానితో సరి. మీ నాటికలో ఆరు వాక్యాల ఇన్లాండ్ లెటర్ పెట్టండి. కార్డు వద్దు, దేవరకొండ పోస్టుమాను చదివేస్తాడు, ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు. జంగయ్య రాస్తూ పైకి చదువుకుంటే చాలు. అంతా ఆ ఉత్తరంలో చెప్పించి, తలుపు దగ్గర మాత్రం ఒక్క ముక్క కూడా మాట్లాడనీయకండి. మారాను అని మనిషి నోటితో అంటే ప్రేక్షకుడు నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఆ పెట్టె విప్పితే పెళ్లి పోతుంది, దుకాణం పోతుంది, మళ్లీ జైలు. అన్నీ తెలిసి విప్పాడు. ఇంతకన్నా రుజువు ఏ డైలాగూ ఇవ్వదు.

కథలో తేలిగ్గా దాటిపోయే చిన్న ముక్క ఇంకొకటి ఉంది. మొదటి వాక్యంలో జిమ్మీ జైలు చెప్పుల కార్ఖానాలో పైతోలు కుడుతూ కనిపిస్తాడు. ఎల్మోర్‌లో పెట్టింది చెప్పుల దుకాణం. జైల్లో నేర్చిన పనే కొత్త బతుకు అయింది. రచయిత ఎక్కడా వేలుపెట్టి చూపడు. మీరు మొదటి సీనులో జంగయ్య చేతికి తోలు, సూది ఇస్తే చాలు, దుకాణం సీను వచ్చేసరికి జనమే కలుపుకుంటారు.

పనిముట్ల పెట్టెను కూడా ముందుగానే నాటండి. బ్యాంకులో, పిల్ల ఇరుక్కునేముందు, అనబెల్ సరదాగా సూట్‌కేసు ఎత్తి, ఇంత బరువా, బంగారు ఇటుకలున్నాయా అంటుంది. తిరిగి ఇచ్చేయాల్సిన షూ హార్నులని, అంటే బూటు తొడుక్కోవడానికి వాడే రేకులని, జిమ్మీ అబద్ధం చెబుతాడు. మన ఊళ్లలో షూ హార్ను తెలిసినవాళ్లు తక్కువ. చెప్పులు కుట్టే ఇనుప దిమ్మెలు, హైదరాబాదులో వాపసు ఇయ్యాలె అనండి. బరువుకు బరువు సరిపోతుంది, పనిముట్లు బయటపడ్డప్పుడు ఆ అబద్ధం సుజాతకు గుర్తొస్తుంది.

జవాబు: డిండి వాగు

జైలు, కోర్టు సంగతి వరకు చెబుతాను.

గవర్నరు క్షమాభిక్ష మనకూ ఉంది, రాజ్యాంగం 161వ అధికరణం. కాని ఆ అధికారం నడిచేది మంత్రివర్గం సలహా మీద. పెట్టెదొంగకు పది నెలల్లో ఆ ఫైలు కదిలిందంటే వెనక పెద్ద తలకాయ ఉండాలి, ఆ తలకాయను చూపడానికి మీకు ఇంకో సీను పడుతుంది. కథలో జిమ్మీకి బయట మిత్రులున్నారు, మూడు నెలల్లోనే వచ్చేస్తాననుకున్నాడు అని ఒక వాక్యంలో తేల్చేశాడు రచయిత. అమెరికా పాఠకుడికి అది సరిపోయింది. మీకు అప్పీలు దారి తేలిక. పై కోర్టు నేరం ఖాయం చేసి, శిక్షను ఇప్పటిదాకా అనుభవించిన కాలానికి తగ్గించింది. ఇలాంటి తీర్పులు మామూలే, ఒక్క కాగితం చదివితే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. సత్ప్రవర్తన రెమిషన్, అంటే మంచి నడతకు శిక్ష తగ్గింపు, అని మాత్రం రాయకండి. నాలుగేళ్ల శిక్షను రెమిషన్ పది నెలలకు దింపలేదు. అదీగాక జిమ్మీ అప్పటికి మారలేదు. సత్ప్రవర్తన అన్న మాట అక్కడ పడితే కథ అడ్డం తిరుగుతుంది.

1975 కాబట్టి సెక్షన్లు పాత ఐపీసీవే ఉండాలి. రాత్రిపూట కన్నం వేసి దొంగతనం చేస్తే 457, ఇంట్లోనో కట్టడంలోనో దొంగతనానికి 380. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి వచ్చింది, ఆ నంబర్లు ఇన్‌స్పెక్టర్ నోట రానీయకండి.

విడుదల సీనులో కథలోని జైలు గుమస్తా ఐదు డాలర్ల నోటు, రైలు టిక్కెట్టు ఇస్తాడు, జైలు అధికారి ఒక చుట్ట ఇస్తాడు. ప్రభుత్వం ఇచ్చే, ఒంటికి సరిపడని రెడీమేడ్ బట్టలు వేసి పంపుతారు. మన జైల్లో ఖైదీ లోపలికి వచ్చినప్పుడు విప్పిన బట్టలే మూట కట్టి దాచి, పోయేటప్పుడు ఇస్తారు. రిజిస్టరు తెరిచి పుట్టుమచ్చలు సరిచూస్తారు, వేలిముద్ర వేయిస్తారు, దారి ఖర్చు లెక్కపెట్టి ఇస్తారు. ఆ పుట్టుమచ్చ మీకు పనికొస్తుంది. జైలు గుమస్తా ఎడమచేతి మీద మచ్చ అని పైకి చదివితే, ఆఖరి సీనులో జంగయ్య చొక్కా చేతులు పైకి మడిచినప్పుడు ఇన్‌స్పెక్టర్ చూపు ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒక సందేహం ఎవరో ఒకరు అడుగుతారు: ఏడాది గడిచింది గదా, కేసు పోదా? పోదు. మూడేళ్లకు మించి శిక్ష పడగల నేరాలకు కాలపరిమితి లేదు. కాబట్టి జంగయ్య మెడ మీద కత్తి నిజంగానే ఉంది.

ఇన్‌స్పెక్టర్ వదిలేయడం మాటేమిటంటారా? పట్టుకోవాల్సిన ఉద్యోగి కావాలని పట్టుకోకపోతే అది ఐపీసీ 221 కింద నేరం, జైలుశిక్ష ఉంది. సత్తయ్య పాత్రధారికి ఇది చెప్పండి. మిమ్మల్ని గుర్తుపట్టలేదు అన్న మాటతో అతను జాలి ఒక్కటే చూపడం లేదు, తన ఉద్యోగాన్ని కూడా తలుపు ముందు పెడుతున్నాడు. జంగయ్య పెట్టె విప్పడానికీ సత్తయ్య అబద్ధానికీ బరువు సమానం. అందుకే ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకునేలా నిలబెట్టండి.

జవాబు: ఇనుప గజం, మిర్యాలగూడ

వాల్టు మాట.

ఇప్పటి బ్యాంకు స్ట్రాంగ్ రూమ్ పెడితే చూడవచ్చిన బ్యాంకు ఉద్యోగి మొదటి నిమిషంలోనే తప్పు పడతాడు. తాళాలు ఇద్దరు అధికారుల దగ్గర విడివిడిగా ఉంటాయి. ఇనుప తలుపు వెనక గ్రిల్ గేటు ఉంటుంది. ఎవరైనా లోపల ఇరుక్కుంటే గాలి పంపడానికి, మాట్లాడడానికి అత్యవసర వెంటిలేటర్ పెడతారు. పైగా 1969లో పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాక దేవరకొండలో బ్యాంకు యజమాని, ఆయన బిడ్డ అంటే కుదరదు.

కాబట్టి బ్యాంకును వదలండి. ఆముదాలు, పల్లికాయ కొని అమ్ముతూ బంగారం కుదువ పెట్టుకునే సావుకారిని తీసుకోండి. ఇంటి వెనక గదికి హైదరాబాదు నుంచి కొత్త ఇనుప తలుపు తెప్పించాడు. కథలో బ్యాంకు యజమాని ఆడమ్స్‌కు ఆ తలుపంటే మహా గర్వం, కనిపించిన ప్రతివాడినీ లాక్కొచ్చి చూపిస్తుంటాడు. సావుకారికి ఆ గర్వం అచ్చంగా సరిపోతుంది. ప్రైవేటు గది కాబట్టి వెంటిలేటర్ లేదన్నా ఎవరూ కాదనరు.

కథలోని తలుపుకు మూడు ఉక్కు గడియలు, ఒకే పిడి తిప్పితే మూడూ ఒకేసారి కదులుతాయి. దానికి తోడు టైమ్ లాక్. మే అనే తొమ్మిదేళ్ల పిల్ల ఆటకు చెల్లెలు అగాథాను లోపలికి తోసి, గడియలు వేసి, నంబరు చక్రం కూడా తిప్పేస్తుంది. గడియారానికి కీ ఇవ్వలేదు, నంబరు పెట్టలేదు, తెరవలేం అని ఆడమ్స్ వణికిపోతాడు. ఇక్కడ జాగ్రత్త. టైమ్ లాక్ పని తెలిసినవాడికి ఆ మొదటి ముక్క మింగుడుపడదు. దాని గడియారానికి ఇన్ని గంటలని కీ ఇస్తే, ఆ గంటలు అయిపోయేదాకా గడియను అడ్డుకుంటుంది. కీ ఇవ్వని గడియారం దేన్నీ అడ్డుకోదు. అసలు పీకులాట నంబరు చక్రంతో. సావుకారి ఇంకా తన నంబరు ఖాయం చేసుకోలేదు, పిల్ల చక్రం తిప్పేసింది, ఇప్పుడు ఏ నంబరుకు తెరుచుకుంటుందో కంపెనీ మనిషికి తప్ప తెలియదు. మీరు గడియారాన్ని పూర్తిగా వదిలేసి నంబరు చక్రం ఒక్కటే ఉంచండి. సావుకారి నోట ఒక్క మాట: నంబరు ఇంకా పెట్టియ్యలే, కంపెనీ మనిషి రేపు వస్తడు.

కథలో తలుపు తెరవగలవాడు లిటిల్ రాక్ కంటే దగ్గర్లో లేడు. మీకు హైదరాబాదు. 1975లో ట్రంకాల్ బుక్ చేసి, లైను కలిసి, ఆ మనిషి దొరికి, వంద కిలోమీటర్ల పైన బస్సులో రావాలి. ట్రంకాల్ కోసం గుమస్తా ఫోను పట్టుకుని హలో హలో అంటూ ఉండడమే స్టేజీ మీద మంచి గడియారం.

గాలి సంగతి కూడా లెక్క చూద్దాం. ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గది అంటే సుమారు 8 ఘనపు మీటర్లు, 8 వేల లీటర్ల గాలి. ఐదేళ్ల పిల్ల ఏడుస్తూ నిమిషానికి పావు లీటరు ప్రాణవాయువు వాడిందనుకున్నా గంటకు 15 లీటర్లు. గది ఎంత బిగుతుగా మూసినా అది గంటల తరబడి చాలే గాలి. కాబట్టి ఐదు నిమిషాల్లో ఊపిరాడక చచ్చిపోతది అని ఎవరిచేతా అనిపించకండి. నిజమైన ముప్పు చీకట్లో పిల్ల జడుసుకోవడం. ఆడమ్స్ కూడా గాలి చాలదంటూనే భయంతో ఫిట్స్ వస్తాయంటాడు. మన దగ్గర జడుపు అన్న మాటకు ఉన్న బలం ఏ డాక్టరు మాటకూ లేదు. అమ్మమ్మ పాత్ర ఉంటే ఆమె చేత అనిపించండి: పిల్ల జడుసుకుంటది, ఎవలన్న తీయుండ్రి.

తలుపు ఎలా కోశాడో చూపాలని తాపత్రయపడకండి. ఓ. హెన్రీ ఒక నిమిషంలో డ్రిల్లు ఉక్కులోకి దిగిందని, పది నిమిషాల్లో గడియలు వెనక్కి పోయాయని అంటాడు, అంతే. ఎక్కడ, ఎంత లోతు అన్నది కథకు అక్కర్లేదు.

జవాబు: తెర వెనక, సూర్యాపేట

తలుపు చేసుడు చెప్తున్న. కొలతలు రాసుకోండ్రి.

తలుపు 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. రెండు ఇంచులు ఒక ఇంచు రీపర్లతోని చట్రం, మధ్యల రెండు అడ్డ పట్టీలు. ముందట ప్లైవుడ్. పక్కలకు 5 ఇంచుల ప్లై పట్టీ కొట్టుండ్రి, తలుపు తెరిచినప్పుడు ఆ మందం కనవడాలె, గదే ఇనుము అని నమ్మిస్తది. 4 ఇంచుల బందులు నాలుగు. తెరుచుకునే దిక్కు అడుగున ఒక చక్రం బిగియ్యాలె, లేకపోతే మూడో ప్రదర్శనకే తలుపు ఒరుగుతది. గుమ్మం చట్రానికి వెనక త్రికోణం ఊతలు పెట్టి ఒక్కోదాని మీద పది కిలోల ఇసుక సంచి. ఊతలు లేకపోతే సావుకారి తలుపు గుద్దంగనే గోడంత ఊగుతది, జనం నవ్వుతరు, పిల్ల ఏడుపు పోతది.

రంగు మెరిసేది వద్దు. మెరిసే ఎనామిల్ మీద లైటు పడితే ప్లైవుడ్ అలలు అన్నీ తెలుస్తయి. మెరుపు లేని బూడిద రంగు కొట్టి, నల్లరంగు నీళ్లలెక్క కలిపి గుడ్డతోని అంచులకు అద్దుండ్రి. గడియలకు ఒకటిన్నర ఇంచు పీవీసీ పైపు మూడు ముక్కలు, మూతలు పెట్టి వెండి రంగు. మూడింటినీ ఒకటే కర్ర పట్టీకి బిగిస్తే ఒక్క దెబ్బకు మూడూ జరుగుతయి. పిడి తిప్పుతుంటే వెనకున్న మనిషి పట్టీని జరపాలె. పిడికీ పట్టీకీ తీగలు, కప్పీలు కట్టి కలపకుండ్రి, సమయానికి ఇరుకుతయి.

ఇగ పిల్ల. తలుపు వెనక గది ఉండొద్దు. ముందు పలక ఒక్కటే, వెనక అంతా తెరిచి వింగులోకి, అంటే స్టేజీ పక్క మరుగులోకి, ఉండాలె. తలుపుకు గొళ్లెం ఏదీ వద్దు, ఒక అయస్కాంతం చాలు, పిల్ల తోస్తే తెరుచుకోవాలె. వెనక పెద్ద మనిషి ఒకరు టార్చి పట్టుకొని పిల్ల పక్కనే కూసోవాలె, గడియలు జరిపేది కూడా వాళ్లే. కథల ఐదేండ్ల పిల్ల గని, మీరు ఏడెనిమిదేండ్ల సన్నటి పిల్లను తీసుకోండ్రి. ఐదేండ్లోళ్లు చీకట్ల నిజంగనే ఏడుస్తరు, గట్ల ఏడిపిచ్చుడు మనకొద్దు. ఏడుపు లోపట్నుంచి వచ్చినట్టు రావాలంటే కుండకు తడిబట్ట కట్టి, బట్ట మీద మూతి పెట్టి ఏడవాలె. మైకు కంటే అదే బాగ వస్తది.

తలుపు మూసుకున్న సప్పుడు ప్లైవుడ్‌తోని రాదు, డబ్బుమంటది. పలక వెనక పాత దుప్పటి రెండు మడతలు అంటించి ఆ సప్పుడు సంపుండ్రి. వింగులో బీరువా ఒకటి పెట్టుకొని, తలుపు మూసుకునే టైముకు బీరువా తలుపు గట్టిగ కొట్టుండ్రి. బీరువా మీద బరువులు పెడితే సప్పుడు లోతుగ వస్తది.

జంగయ్య చేతిలో చేతి బర్మా ఉండాలె, కరెంటు డ్రిల్లు వద్దు. కొన తీసేసి రబ్బరు బుడిపె పెట్టుండ్రి, పలక చిల్లు పడదు, చెయ్యి జారినా గుచ్చుకోదు. వింగులో ఇంకొకడు మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకును చెక్కకు బిగించి నిజం బర్మా తిప్పాలె, పక్కన మైకు. ఆ మనిషికి జంగయ్య మోచెయ్యి కనవడుతుండాలె. కనవడకపోతే ఈడ చెయ్యి ఆగినంక ఆడ సప్పుడు మోగుతది, ఎక్కువ తప్పు అయ్యేది ఈడనే. పది నిమిషాల పనిని రెండు నిమిషాలు చెయ్యుండ్రి, మూడు దాటితే కుర్చీలు కదులుతయి. ఆ రెండు నిమిషాలు సంగీతం పెట్టకుండ్రి. కథల జిమ్మీ పనిముట్లు వరుసగ పరిచి, పనిల ఉన్నప్పుడు అలవాటైనట్టు మెల్లగ ఈల వేస్తడు, చుట్టూ అందరు కదలకుండ చూస్తరు. ఆ ఈలనే సంగీతం.

సూట్‌కేసు నిజంగ బరువు ఉండాలె, 8 కిలోలు. ఉత్త పెట్టె మోసేటోడు ఎంత నటించినా భుజం చెప్తది. అడుగున రెండు ఇటుకలు గోనెల చుట్టి, మీద పలక పరిచి, దాని మీద పనిముట్లు. విప్పినప్పుడు ఇటుకలు కనవడొద్దు.

ప్రశ్న మళ్లీ: ఛాయాసోమేశ్వరం

రెండు పేజీల డైలాగు కొట్టేసినం. సావుకారి, కుదువ కొట్టు, నంబరు చక్రం ఖాయం. పుట్టుమచ్చ బాగున్నది, పెడుతున్నం. మిగిలింది గులాబీ, ఆఖరి మాట. జిమ్మీ తలుపు తెరిచేముందు అనబెల్ గౌనుకు పెట్టుకున్న గులాబీని అడిగి తీసుకుంటడు గద. చీరకు గులాబీ పెట్టుడు మన దగ్గర కుదురదు.

జవాబు: పిల్లలమర్రి

జడలో పువ్వు అడగండి. ఇది మూలం కంటే పదునుగా పడుతుంది. 1975లో, అమ్మానాన్నల ముందు, ఇంకా పెళ్లికాని వాడు నీ తలలో పువ్వు ఇటియ్యి అంటే ఇల్లంతా నివ్వెరపోతుంది. అనబెల్ కూడా తాను సరిగ్గా విన్నానా అని అనుమానపడుతూనే ఇస్తుంది. పువ్వు జేబులో పెట్టుకోగానే కోటు విప్పి చేతులు మడుస్తాడు, రాల్ఫ్ స్పెన్సర్ అక్కడితో పోయాడు. సుజాత పువ్వు తీసేటప్పుడు వేళ్లు తడబడాలి. పిన్ను గట్టిగా పెట్టకండి, జుట్టులో ఇరుక్కుంటే సీను ఆగిపోతుంది.

ఇంకొకటి. తలుపు తెరిచి జిమ్మీ బయటికి నడుస్తుంటే వెనక ఎక్కడినుంచో రాల్ఫ్ అని పిలుపు వినపడినట్టు ఉంటుంది, అతను ఆగడు. ఆ పిలుపును మీ సుజాత ఎలా పిలుస్తుంది? ఆ కాలపు ఆడపిల్ల కాబోయేవాణ్ని పేరు పెట్టి పిలవదు. నాటిక మొత్తం మీద ఆమె నోట అతని పేరు రానీయకండి. ఇటు చూడండి, మిమ్మల్నే అని నెట్టుకురండి. అప్పుడు మొదటిసారి, ఆ ఒక్కసారి, రఘునాథం అని గొంతు చించుకుని పిలవాలి. అది దొంగపేరు అని తెలిశాక కూడా ఆ పేరుతోనే పిలుస్తోందని జనానికి అర్థమవుతుంది.

ఆఖరి మాట సప్పగా రావడానికి కారణం మాటలో లేదు, అంతకుముందు పిలుపుల్లో ఉంది. ఇంగ్లీషులో జిమ్మీ హలో బెన్ అంటూ సాటివాడిని పలకరించినట్టు పలకరిస్తాడు, ఎట్టకేలకు వచ్చావా, పద పోదాం, ఇప్పుడు ఏదైనా ఒకటే అంటాడు. బెన్ మిస్టర్ స్పెన్సర్ అని బదులిస్తాడు. మన దగ్గర దొంగ ఇన్‌స్పెక్టర్‌ను పేరు పెట్టి పిలవడు, సార్ అంటాడు. ఇన్‌స్పెక్టర్ దొంగను ఏరా అంటాడు. దీన్ని నష్టం అనుకోకండి. ఇంగ్లీషులో లేని మెట్లు తెలుగులో ఉన్నాయి. మొదటి సీను నుంచి సత్తయ్య నోట ఏరా జంగా, వాడు, వాని సంగతి నేను చూస్తా అని పడుతూ రావాలి, కనీసం ఐదారుసార్లు. అప్పుడు గుమ్మం దగ్గర:

జంగయ్య: వచ్చిండ్రా సార్. పాండి పోదాం. ఇగ ఏదైతేంది.

సత్తయ్య: మీరు ఎవరినో అనుకుంటున్నట్టున్నరు, రఘునాథం గారూ. నేను మిమ్మల్ని గుర్తువట్టలేదు. అగో, మీ జీపు మీకోసం ఆగినట్టున్నది గద.

మీరు, గారు, ఆ పేరు. మూడూ ఒకే వాక్యంలో మొదటిసారి పడతాయి. ఏరా అనే నోటితో గారు అనడంలోనే క్షమ ఉంది, వేరే మాట కలపకండి. వెళ్లిరండి, మంచిగా బతకండి, భగవంతుడు చల్లగా చూస్తాడు లాంటివి నటుడు సొంతంగా చేర్చే ప్రమాదం ఉంది, ముందే చెప్పి ఉంచండి. సత్తయ్య నవ్వకూడదు. గొంతు తడవకూడదు. కొత్తగా పరిచయమైన పెద్దమనిషితో మాట్లాడినట్టు మామూలుగా అని, తిరిగి వీధి వెంట తీరిగ్గా నడిచిపోవాలి. బెన్ ప్రైస్ కూడా అలాగే పోతాడు. జంగయ్య అక్కడే నిలబడి ఉండగా లైటు తగ్గించండి, సుజాతను పరుగెత్తించి కలపకండి.

జవాబు: డిండి వాగు

బేడీలు ఉంటే సత్తయ్య వాటిని తలుపు తెరుచుకునేముందే జేబులోంచి తీసి చేతిలో పట్టుకుని ఉండాలి. అగాథాను తల్లి ఎత్తుకున్నప్పుడు మళ్లీ జేబులో వేసుకోవాలి. జంగయ్యకు అది కనపడకూడదు, జనానికి కనపడాలి. కాబట్టి గుమ్మం స్టేజీకి కుడి మూల ముందు భాగంలో పెట్టండి.

ప్రశ్న మళ్లీ: ఛాయాసోమేశ్వరం

గుమ్మం కుడి మూలకు మార్చినం. తెర వెనక అన్నా, ప్లైవుడ్ ఎన్ని మిల్లీమీటర్లది తేవాలె? రేపు దుకాణం కాడికి పోతున్నం.

జవాబు: తెర వెనక

ముందట పలకకు 6, పక్క పట్టీలకు 4. పక్కలకు 6 పెడితే తలుపు బరువైతది, బందులు ఊడుతయి. ఎనిమిది నాలుగు షీటు ఆరుది ఒకటి, నాలుగుది ఒకటి. కోత దుకాణంలనే కోయించుకోండ్రి.